చర్చి పైకప్పు కోసం సికింద్రాబాద్ నుంచి డోర్నకల్ దాకా సైకిల్ మీద: నా అనుభవం

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. ముందురోజు మొదలైన వాన తెల్లారినా ఆగలేదు. ఆరాధనకు నలభై మంది కూడా రాలేదు. అయ్యగారు వాక్యం చదువుతుంటే బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ మీద టప్పుమని ఒక చుక్క పడింది. వెంటనే ఇంకోటి. ఆయన చదవడం ఆపకుండానే బైబిల్‌ని పక్కకు జరిపారు. ఎవరో బకెట్ తెచ్చి పెట్టారు. చివరి పాట పాడుతుండగా దక్షిణం గోడ పైనుంచి చపాతీ పీటంత పెచ్చు ఊడి బెంచీ మీద పడింది. అది మా అమ్మ రోజూ కూర్చునే చోటు. వాన కదా అని ఆ రోజు అమ్మను ఇంట్లోనే ఉండమన్నాను.

నాకు 46 ఏళ్లు. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇంటర్ తర్వాత సైకిల్ ఎక్కలేదు. ఆ వాన కురిసిన 133 రోజులకు, 2025 జనవరి 12 సాయంత్రం, 243 కిలోమీటర్లు తొక్కి డోర్నకల్ చేరాను. మధ్యలో ఏం జరిగిందో, ఆ తర్వాత డబ్బులు ఎలా వచ్చాయో, ఎక్కడ ఇరుక్కుపోయామో రాస్తున్నాను. ఈ సంగతి తెలిసినవాళ్లు నన్ను ముందు అడిగేది "రోజుకు ఎన్ని కిలోమీటర్లు తొక్కారు?" అని. తొక్కడం రెండు రోజుల పని. మిగతాదంతా ఏడు నెలలు.

సెప్టెంబర్ 14న పాత కట్టడాల పని తెలిసిన ఇంజినీరు ఒకాయన వచ్చి చూశారు. ఫీజు తీసుకోలేదు. స్క్రూడ్రైవర్‌తో గోడను గీకారు. పైన సిమెంటు పెంకులా గట్టిగా ఉంది, దాని వెనక సున్నం తడిసిన పిండిలా వేళ్లకు అంటుకుంది. "ఇది రాయి, డంగు సున్నంతో కట్టిన గోడమ్మా. సున్నం తడి పీలుస్తుంది, ఎండ కాస్తే వదిలేస్తుంది. మీవాళ్లు పైన సిమెంటు పూత వేశారు. తడి లోపలికి పోతోంది, బయటికి రావడానికి దారి లేదు" అన్నారు. గోడలో కూర్చున్న టేకు దూలాల చివర్లు ఆ తడికే పుచ్చిపోయాయి. రెండింటికి చెద కూడా పట్టింది. పెంకులు జారింది ఆ దూలాలు కుంగడం వల్లే. కొత్త పెంకులు వేసినంత మాత్రాన కారడం ఆగదు.

ఆ సిమెంటు పూత 1986లో వేశారు. దానికి ఇంటింటికీ తిరిగి చందాలు వసూలు చేసింది మా నాన్న. రూపాయి ఇచ్చినా రసీదు రాసేవాడు. పని అయ్యాక గోడలు నున్నగా మెరుస్తుంటే, చేత్తో నిమిరి మాకు చూపించిన రోజు నాకు గుర్తుంది. నాన్న పోయి పదకొండేళ్లు. ఇంజినీరుగారు మాట్లాడుతున్నంతసేపూ నేను ఆ గోడ వైపు చూడలేకపోయాను.

మొత్తం పనికి 19,40,000 రూపాయలు అవుతుందన్నారు. దక్షిణం వైపు కప్పు, రెండు దూలాలు, ఆ గోడ మాత్రం ముందు చేసుకుంటే 6,80,000. అది కూడా వచ్చే వానలలోపు అయిపోవాలి. మా భవన నిధిలో ఉన్నది 2,75,000. కమిటీలో ఇద్దరు ముగ్గురు "పెంకులు తీసేసి రేకులు వేసేద్దాం, మూడు లక్షల్లో తేలిపోతుంది" అన్నారు. వాళ్లను తప్పు పట్టను, వాన లోపల పడుతుంటే ఎవరైనా అలాగే ఆలోచిస్తారు. కానీ ఆ కప్పు కింద మా అమ్మానాన్నల పెళ్లి జరిగింది, నా బాప్తిస్మం జరిగింది. రేకుల మీద వాన పడితే పక్కవాళ్ల ప్రార్థన కూడా వినిపించదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సైకిల్ ఆలోచన నాది కాదు. మా మేనమామ కూతురు, నాకు వదిన, ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో నర్సు. ఫోన్లో ఏడుపు గొంతుతో ఇదంతా చెబితే తను అక్కడి సంగతి చెప్పింది. ఏటా సెప్టెంబర్ రెండో శనివారం జనం సైకిళ్ల మీదో, నడిచో చర్చి నుంచి చర్చికి తిరుగుతారట. తెలిసినవాళ్లు ఇంత ఇస్తామని ముందే మాట ఇస్తారు. వచ్చినదాంట్లో సగం సొంత చర్చికి, సగం ఆ ప్రాంతంలో పాత చర్చిల మరమ్మతులు చూసే ట్రస్టుకు. "నువ్వూ చెయ్యవే, బళ్లో పిల్లల్ని పరిగెత్తిస్తావుగా" అంది.

మా ఊళ్లో ఈ పద్ధతి చెప్పడమే పెద్ద పని అయింది. చందా అంటే అందరికీ తెలుసు. "నువ్వు సైకిల్ తొక్కితే మేమెందుకు డబ్బులివ్వాలి? నీకు చర్చి మీద ప్రేమ ఉంటే నేరుగా అడుగు, ఇస్తాం" అని పెద్దవాళ్లు న్యాయంగానే అడిగారు. మూడు వారాలపాటు నా దగ్గర సరైన జవాబు లేదు. జవాబు మా అమ్మ చెప్పింది. మా అమ్మమ్మ రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం చర్చికి వెళ్లేవి. "కిలోమీటరుకు రూపాయి అంటే అదే పిడికెడు అనుకోమను" అంది అమ్మ. ఆ తర్వాత స్త్రీల కూడికలో అలాగే చెప్పాను. ఆ ఒక్క మధ్యాహ్నం 31 మంది పేర్లు రాయించారు.

డోర్నకల్‌ని ఎంచుకున్నది నేను. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సభలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయిన అజరయ్యగారు ఉన్న ఊరు. ఆయన కట్టించిన కెథడ్రల్‌కు (బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చి) 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడిని గుర్తుకు తెస్తాయి. చిన్నప్పుడు నాన్నతో ఒకసారి వెళ్లాను. మా గేటు నుంచి సుమారు 240 కిలోమీటర్లు వస్తుందని లెక్క వేసి కార్డులు అచ్చు వేయించాం.

కార్డుల విషయంలో మేం చేసిన పొరపాట్లు మీరు చేయకండి. క్యూఆర్ కోడ్ వేశాం, మంచిదే. కానీ స్కాన్ చేస్తే ఖాతా ఎవరి పేరున రిజిస్టర్ అయిందో ఆ పొడవాటి పేరు కనిపిస్తుంది, మా చర్చి పేరు కనిపించదు. మోసమేమోనని చాలామంది మధ్యలో ఆపేశారు. రెండోది, డబ్బు పడినట్టు మెసేజ్ ట్రెజరర్‌గారి ఫోన్‌కు వెళ్తుంది. పంపినవాళ్లు వివరం దగ్గర పేరు రాయలేదు. 37 మంది డబ్బు ఎవరిదో తేల్చడానికి ఫిబ్రవరి అంతా పట్టింది. "స్కాన్ చేస్తే ఫలానా పేరు వస్తుంది, మీ పేరు తప్పకుండా రాయండి" అని రెండు ముక్కలు కార్డు మీద వేసి ఉంటే సరిపోయేది.

పన్ను రసీదు అడిగినవాళ్లూ ఉన్నారు. ఆడిటర్‌గారిని అడిగితే, చర్చి మరమ్మతుకు ఇచ్చే విరాళానికి ఆదాయపు పన్ను చట్టం 80జి సెక్షన్ కింద మినహాయింపు కావాలంటే ఆ కట్టడాన్ని కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసి ఉండాలన్నారు. మాది చేయలేదు. ఆ మాట ముందే చెప్పేశాం. ఒకాయన కిలోమీటరుకు 100 నుంచి 25కి తగ్గించుకున్నారు. అయినా ముందే చెప్పడం మంచిదైంది.

విదేశాల నుంచి వచ్చే డబ్బు ఇంకో తలనొప్పి. అక్క కొడుకు డాలస్‌లో ఉంటాడు, 500 డాలర్లు పంపుతానన్నాడు. వాడు అమెరికా పౌరుడు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ లేని సంస్థ విదేశీ పౌరుల డబ్బు తీసుకోకూడదు. వద్దురా నాన్నా అని చెప్పాల్సి వచ్చింది. వాడు చిన్నబుచ్చుకున్నాడు. మా వదినకు ఇంకా భారత పాస్‌పోర్టే ఉంది. తన సొంత సంపాదన, బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదన్నారు. ఇవి తెలియకుండా ఎవరో పంపేసి ఉంటే చర్చికి చిక్కయ్యేది.

సెప్టెంబర్ 22న సెకండ్ హ్యాండ్ గేర్ల సైకిల్ కొన్నాను, 14,500. కొత్త టైర్లు 2,400, హెల్మెట్ 1,600, ముందూ వెనకా లైట్లు 1,350, మెత్త కుట్టిన సైక్లింగ్ నిక్కర్లు రెండు 1,900, పంపు, ట్యూబులు, ప్యాచీలు 1,150, సర్వీసింగ్ 700. మొత్తం 23,600. ఇవి కాక వ్యానుకు ఇంధనం, దారి భోజనాలు, కార్డుల అచ్చు కలిపి 7,900. ఇందులో ఒక్క రూపాయి కూడా చందా డబ్బులోంచి తీయలేదు. ఈ ఖర్చు ఎవరిదన్న ప్రశ్న అందరూ మనసులో అనుకుంటారు, కొందరే అడుగుతారు. అందుకే కార్డు మీదే రాశాం: "ఖర్చులన్నీ తొక్కేవారివే."

నిక్కరు గురించి ఆడవాళ్లకు ఒక మాట. నేను దాని మీద వదులైన ట్రాక్ ప్యాంటు, మోకాళ్ల దాకా కుర్తీ వేసుకున్నాను. మొదటి నెల నిక్కరు లేకుండా తొక్కి, నాలుగు రోజులు బళ్లో నిలబడే పాఠం చెప్పాను. డబ్బు ఒక్కదానికే ఉంటే ఆ నిక్కరే ముందు కొనండి.

ఉదయం నాలుగున్నరకు లేచి శామీర్‌పేట చెరువు దాకా వెళ్లి రావడం అలవాటు చేసుకున్నాను. మొదటిరోజు తొమ్మిది కిలోమీటర్లకే కాళ్లు వణికాయి. అక్టోబర్ చివరికి అరవై వచ్చింది. నవంబర్ 9, రెండో శనివారం, పెద్ద పరీక్ష: బాలానగర్, గండిమైసమ్మ, నర్సాపూర్ అడవి మీదుగా మెదక్. 94 కిలోమీటర్లు. అడవిలో రోడ్డు చల్లగా, నిశ్శబ్దంగా ఉంది, కోతులు మాత్రం అరటిపండ్ల సంచీ లాక్కున్నాయి. మెదక్ చర్చి గంట గోపురం 175 అడుగులు. దగ్గరికొచ్చాక దాని పైకొన చూడాలంటే హెల్మెట్ తీయాల్సి వచ్చింది. కరువు రోజుల్లో పోస్నెట్ అనే మిషనరీ దొరగారు జనానికి పని కల్పించి, అన్నం పెట్టి కట్టించిన చర్చి అది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది, అంటే నేను వెళ్లేసరికి వందేళ్ల పండుగకు నెలన్నరే ఉంది. లోపల కూర్చుని కాళ్లు చాపుకుని ఏడ్చాను. అలసట వల్లో, ఇంత పెద్ద కట్టడాన్ని ఆకలితో ఉన్నవాళ్లు నిలబెట్టారన్న ఆలోచన వల్లో చెప్పలేను.

అసలు ప్రయాణానికి ముగ్గురం బయల్దేరాం. నేను, యూత్‌లో 23 ఏళ్ల కుర్రాడు, మా చర్చి వాచ్‌మన్ అన్న. అన్నకు 57. ఆయనది పాలవాళ్లు వాడే నల్ల సైకిల్, గేర్లు లేవు. రోజూ మౌలాలి నుంచి అదే తొక్కుకొస్తాడు. "టీచరమ్మా, మీరు గేర్లు మార్చుకుంటా రండి, నేను మెల్లగా వస్తా" అన్నాడు. సీటు మీద తువ్వాలు మడిచి కట్టుకున్నాడు, అంతే ఆయన తయారీ. మా తమ్ముడు ఓమ్నీ వ్యానులో నీళ్లు, మందులు, ట్యూబులతో వెనక.

జనవరి 11, శనివారం, ఉదయం 4:40. గేటు దగ్గర అరవై మంది దాకా వచ్చారు. అయ్యగారు ప్రార్థన చేశారు. అమ్మ నా హెల్మెట్ మీద చెయ్యి పెట్టింది. బోడుప్పల్ దాటేదాకా ఫ్లైఓవర్ పిల్లర్ల కింద గుంతలు, చీకట్లో చాలా భయం వేసింది. ఘట్‌కేసర్ తర్వాత రోడ్డు విశాలమైంది. బీబీనగర్ దగ్గర మంచు ఎంత దట్టంగా ఉందంటే ముందున్న కుర్రాడి ఎర్రలైటు తప్ప ఏమీ కనిపించలేదు. భువనగిరి గుట్ట మీద ఎండ పడేసరికి ఎనిమిదయింది. ఏకశిల కోట అంటారు కదా, సైకిల్ మీద వస్తే ఆ రాయి అరగంటసేపు అలాగే ఎదురుగా ఉంటుంది.

నేను లెక్కలోకి తీసుకోనిది గాలి. జనవరిలో గాలి తూర్పు నుంచి వీస్తుంది, మేం వెళ్లేది తూర్పుకే. ఆలేరు దాటాక ఎండతోపాటు ఎదురుగాలి మొదలైంది. సమతలం రోడ్డు మీద కూడా గుట్ట ఎక్కుతున్నట్టే ఉంది. గంటకు పదహారు వెళ్లేదాన్ని పదకొండుకు పడిపోయాను. మళ్లీ చేస్తే తూర్పు నుంచి పడమరకు వచ్చేలా పెట్టుకుంటాను.

రెండోది పంచర్లు. పల్లేరుకాయల గురించి భయపడ్డాం గానీ, అసలు శత్రువు లారీ టైర్లు పేలినప్పుడు రోడ్డు అంచున రాలే సన్నటి ఇనప తీగలు. వెంట్రుకంత సన్నం, కంటికి కనబడవు. పెంబర్తి లోపు నా సైకిల్‌కు మూడు పంచర్లు. కుర్రాడు ట్యూబు మారుస్తాడు, రెండు కిలోమీటర్లు పోగానే మళ్లీ గాలి దిగుతుంది. మూడోసారి అన్న వచ్చి టైరు పూర్తిగా విప్పాడు. పక్క చేలో ఏరగా మిగిలిన పత్తి కొంచెం తెచ్చి, టైరు లోపల చుట్టూ తిప్పాడు. ఒకచోట పత్తి పోగు చిక్కుకుంది. అక్కడ తీగ. గోళ్లతో రాలేదు, వ్యానులో ప్లకర్ లేదు, చివరికి పెంబర్తిలో ఇత్తడి పనిచేసే ఒకాయన పట్టుకారు ఇచ్చి తీయించాడు. ఎక్కడికి వెళ్తున్నారని అడిగి, చెబితే వంద రూపాయలు చేతిలో పెట్టాడు. రసీదు రాసిచ్చాను, నాన్న పుస్తకంలోనే. ఆ పాత రసీదు పుస్తకంలో ఇరవై మూడు కాగితాలు మిగిలి ఉంటే వెంట తెచ్చుకున్నాను.

జనగామలో భోజనం, గంటన్నర నిద్ర. బాత్రూముల కోసం పెట్రోల్ బంకులే దిక్కు. కొన్నిచోట్ల తాళం అడిగి తీయించుకోవాలి, మొహమాటపడితే కుదరదు. నీళ్లు తక్కువ తాగి ఆ బాధ తప్పించుకుందామని చూశాను. ఘన్‌పూర్ దగ్గర తల తిరిగింది. తమ్ముడు తిట్టి ఓఆర్‌ఎస్ తాగించాడు. వ్యాను ఎక్కమన్నాడు. ఎక్కితే ఆ కిలోమీటర్లు లెక్కలోకి రావు. పది నిమిషాలు చెట్టు కింద కూర్చుని మళ్లీ ఎక్కాను.

కాజీపేట చేరి ఫోన్ చేయాలి. రైల్వేలో డ్రైవరుగా రిటైరైన 81 ఏళ్ల పెద్దాయన ఒకరు మాకు కిలోమీటరుకు 50 రాయించారు. చర్చికి రావడం మానేసి ముప్పై ఏళ్లట. ఒకే షరతు పెట్టారు, కాజీపేటలో ఆగి తనకు ఫోన్ చేయాలని. చేశాను. "రైలు కూత వినిపిస్తోందా?" అని అడిగారు. అప్పుడే ఒక గూడ్సు వెళ్తోంది, ఫోను అటు పట్టుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "లోకో షెడ్‌లో ఉన్నప్పుడే నా భార్య పోయింది. అంత్యక్రియలు మీ చర్చిలోనే" అన్నారు. ఏం చెప్పాలో తోచక, "వెళ్లొస్తానండి" అన్నాను.

సాయంత్రం 5:50కి హనుమకొండలో చిన్నమ్మ ఇల్లు. 139 కిలోమీటర్లు. చిన్నమ్మ నూగుల నూనె కాచి కాళ్లకు రాసింది. పక్కింటివాళ్లు సంక్రాంతి సకినాలు పంపారు, ముగ్గురం డబ్బా ఖాళీ చేశాం. మెట్లు దిగేటప్పుడు వెనక్కి తిరిగి దిగితే మోకాళ్లకు నొప్పి తక్కువని అన్న చెప్పాడు. నిజమే.

ఆదివారం అయిదున్నరకు ప్రార్థన చేసుకుని బయల్దేరాం. మామునూరు, వర్ధన్నపేట దాకా లారీలు. తొర్రూరు నుంచి మహబూబాబాద్ రోడ్డులోకి తిరిగాక ఊళ్లు, మిర్చి చేలు, యాసంగి నాట్లు. పల్లెల్లో చర్చిల మైకుల్లో పాటలు. ఒక ఊరి పాట వెనకబడేసరికి ముందు ఊరి పాట అందుకునేది. ఆదివారం ఆరాధన తప్పిపోయిందన్న బెంగ అక్కడితో పోయింది. అన్న ప్రతి పాటా అందుకుని తొక్కుతూనే పాడాడు.

మానుకోటలో (మహబూబాబాద్‌నే అలా అంటారు) టీ తాగుతుంటే హోటలాయన మా కథ అడిగాడు. సెప్టెంబర్ ఒకటి వాన అనగానే ఆయన చెయ్యి ఆగిపోయింది. అదే రోజు ఈ జిల్లాలో కేసముద్రం దగ్గర పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. ఆయన తోడల్లుడి పొలంలో ఇప్పటికీ ఇసుక మేటే ఉందట. మా బల్ల మీద చుక్కలుగా పడిన వాన ఇక్కడివాళ్ల పొలాలు తీసుకుపోయింది. అప్పటిదాకా నాకు మా చర్చి కష్టమే పెద్దగా కనిపించింది. టీ డబ్బులు తీసుకోమని ఎంత చెప్పినా ఆయన తీసుకోలేదు.

చివరి ఇరవై అయిదు కిలోమీటర్లు నాకు సరిగా గుర్తులేవు. సాయంత్రం 4:20కి కెథడ్రల్ గుమ్మటాలు కనిపించాయి. మీటరు మీద 243. ఆవరణలో అజరయ్యగారి సమాధి దగ్గర కూర్చున్నాం. 1945 జనవరి 1న ఆయన పోయింది ఈ ఊళ్లోనే. అన్న చెప్పులు విప్పి లోపలికి వెళ్లి ఒక స్తంభం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నేను చూసింది గోడలు. ఎక్కడ తడి ఉందో, ఎక్కడ పూత ఉబ్బిందో చూస్తున్నాను. ఇప్పుడు ఏ పాత కట్టడానికి వెళ్లినా నా కళ్లు ముందు అక్కడికే పోతున్నాయి.

సైకిళ్లు వ్యాను మీద కట్టుకుని రాత్రికి ఇంటికి వచ్చేశాం.

ఇక డబ్బులు. కిలోమీటరుకు ఇంత అని రాయించినవి అన్నీ కలిపితే 1,720 రూపాయలు, 240 కిలోమీటర్లకు 4,12,800. పైన తొక్కిన మూడూ అడగలేదు. ఒక్కసారిగా ఇస్తామన్నవి 61,000. మొత్తం 4,73,800. ఇది కాక ఒక కంపెనీ లక్ష రూపాయలు కలుపుతామని మాట ఇచ్చింది. ఫిబ్రవరిలో నాలుగుసార్లు వెళ్లాను. ప్రతిసారీ రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు. మార్చిలో "ఈ ఏడాది బడ్జెట్ అయిపోయింది" అన్నారు. ఆ లక్షను నమ్ముకుని మేస్త్రీతో మాట్లాడి ఉంటే ఏమయ్యేదో. కాగితం మీద లేని మాటను లెక్కలో వేయకూడదని అప్పుడు నిర్ణయించుకున్నాం.

జనవరి 31 నాటికి వచ్చింది 2,46,000. మొదటి వారం ఉత్సాహంగా పంపారు, ఆ తర్వాత ఆగిపోయింది. వాట్సాప్‌లో గుర్తు చేస్తే "తప్పకుండా టీచర్" అని నమస్కారం బొమ్మ వస్తుంది, డబ్బు రాదు. ఇంటికి వెళ్తే వెంటనే ఇస్తారు. నెల మొదటి వారంలో, సాయంత్రం ఏడు తర్వాత వెళ్లాలి. ఆ తిరగడం సైకిల్ కంటే కష్టంగా అనిపించింది నాకు. తలుపు తట్టేముందు ప్రతిసారీ గుండె దడ. ఒక ఇంట్లో ఉద్యోగం పోయిందని అప్పుడే తెలిసింది. వాళ్లు రాయించింది 2,400. "నేను దీనికి రాలేదండీ, ఊరికే చూసిపోదామని వచ్చాను" అని చెప్పి వచ్చేశాను. ఏప్రిల్లో ఆ ఇంటావిడే కవర్లో పెట్టి ఆరువందలు పంపింది. రాయించినవాళ్ల నుంచి ముందే సగం తీసుకుని ఉంటే ఈ తిరుగుడులో చాలా తప్పేది.

మార్చి 31న లెక్క మూశాం. మాట ఇచ్చినవాళ్ల నుంచి 3,80,450. అసలు పేరే రాయించనివాళ్ల నుంచి 38,200. మొత్తం 4,18,650. నిధితో కలిపితే 6,93,650. మొదటి దశకు సరిపోయింది. మౌలాలిలో అన్న ఉండే బస్తీ నుంచే 9,140 వచ్చింది, ఎక్కువగా పది, ఇరవై నోట్లు. కాజీపేట పెద్దాయన పన్నెండు వేలూ తనే తెచ్చి ఇచ్చారు. లోపలికి రండి అంటే గుమ్మం దాకా వచ్చి, అక్కడే నిలబడి చూసి వెళ్లిపోయారు.

గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల మరమ్మతుల్లో ఏళ్లపాటు పనిచేసిన మేస్త్రీ దొరికారు. ఏప్రిల్ మొదట్లో చర్చి వెనక గుంత తవ్వి సున్నం నానబెట్టారు. అది మూడు వారాలైనా నానాలి. అంతదాకా పని మొదలవదని తెలియక మేం కంగారుపడ్డాం. తర్వాత ఇసుక కలిపి రుబ్బుతూ, కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం నీళ్లు పోశారు. ఆవరణంతా పులిసిన బెల్లం వాసన. దూలాల పుచ్చిన చివర్లు కోసి అదే వరసలో కొత్త టేకు అతికారు. మంచి పెంకులు ఏరి తిరిగి వాడారు, కాబట్టి కొత్తవి అనుకున్నదానికంటే తక్కువ కొన్నాం.

సిమెంటు పూత కొట్టేసిన రోజు నేను సెలవు పెట్టాను. సుత్తి పడిన ప్రతిసారీ నాన్న చెయ్యి గుర్తొచ్చింది. మేస్త్రీగారికి ఆ సంగతి చెప్పాను. "మీ నాయన తప్పు లేదమ్మా. అప్పుడు ఊరంతా అదే చేసింది. గోడ ఆగింది చూడండి, అందరూ కలిసి చూసుకున్నారు కాబట్టే ఆగింది" అన్నారు. పెచ్చు ఒకటి ఇంటికి తెచ్చుకుని నాన్న రసీదు పుస్తకం పక్కన పెట్టాను.

జూన్ మొదటి వారానికి దక్షిణం కప్పు పూర్తయింది. ఆ నెల వానల్లో బకెట్ ఉత్తరం వైపుకు మారింది, అటు ఇంకా 12,60,000 పని ఉంది. గోడకు సున్నం పూత ఇప్పుడే వేశారు. అది సిమెంటులా మర్నాటికి గట్టిపడదు. గోనెపట్టాలు కప్పి, ఇరవై ఒక్క రోజులు పూటపూటా నీళ్లు చల్లాలన్నారు. కమిటీవాళ్లు వంతులు రాసి గేటుకు అంటించారు. ఈ వారం ఉదయం వంతు నాది. బడికి వెళ్లేముందు సైకిల్ మీద వచ్చి తడిపి వెళ్తున్నాను.